ఆరు వోల్టుల బండికి పన్నెండు వోల్టులు

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో గొడ్ల చావిళ్ల మూలల్లో పాత జావాలు, యెజ్డీలు, బుల్లెట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. కొన్ని దుమ్ము పట్టి ఉంటే, కొన్ని నేటికీ పొలం పనికి తిరుగుతున్నాయి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960లో ఏర్పడి 1996లో మూతపడింది. కంపెనీ పోయినా బండి పోలేదు. ఈ పాత బండ్ల మీద అందరూ చెప్పే ఫిర్యాదు మాత్రం ఒకటే: రాత్రిపూట లైటు గుడ్డిదీపం. మిరప కోతల కాలంలో టిక్కీలు వేసుకున్న ట్రాక్టర్లు వెనక ఎర్ర దీపమైనా లేకుండా గుంటూరు యార్డు దారి పట్టి పోతుంటాయి. చిలకలూరిపేట, నరసరావుపేట రోడ్ల మీద అలాంటి ట్రక్కు ఆగి ఉంటే, దాన్ని ముప్పై గజాల దూరంలో చూడటానికీ పది గజాల దూరంలో చూడటానికీ తేడా ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి ఏ మెకానిక్కును అడిగినా ఒకటే మందు చెబుతాడు: "6 వోల్టులు తీసేసి 12 చెయ్యండి." మందు మంచిదే. కానీ అది ఎందుకు పని చేస్తుందో, ఎక్కడ పని చెయ్యదో తెలుసుకోకుండా డబ్బు పెట్టటం మంచిది కాదు. దీనికి ఇంటర్మీడియెట్‌లో చదువుకున్న ఓమ్ నియమం చాలు.

12 అంటే 6కి రెట్టింపు కాబట్టి వెలుతురూ రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. 35 వాట్ల బల్బు 6 వోల్టులదైనా, 12 వోల్టులదైనా 35 వాట్లదే. తేడా అంతా కరెంటులో ఉంది. 6 వోల్టుల బల్బు సుమారు 5.8 ఆంపియర్లు లాగితే, 12 వోల్టులది 2.9 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుండి బల్బు దాకా ఉన్న తీగలు, స్విచ్చి, జాయింట్లు, ఎర్తు అన్నీ కలిపి 0.2 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. పాత బండికి ఇది పెద్ద లెక్కేమీ కాదు. 6 వోల్టుల పద్ధతిలో దారిలోనే దాదాపు 1 వోల్టు పోయి, బల్బుకు సుమారు 5 వోల్టులు అందుతాయి. 12 వోల్టుల పద్ధతిలో అర వోల్టు పైచిలుకు పోయి 11.4 దాకా అందుతాయి. ఇంతేనా అనిపిస్తుంది గాని, ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. లెక్క వేస్తే మొదటి బల్బు ఇవ్వవలసిన వెలుతురులో సగం మాత్రమే ఇస్తుంది. రెండోది 85 శాతం ఇస్తుంది. అంటే 12 వోల్టులు కొత్తగా వాట్లు పుట్టించవు, దారిలో పోయేవాటిని కాపాడతాయి. మన ఊళ్లకు కరెంటు తెచ్చే పెద్ద లైన్లను లక్షల వోల్టులలో నడపటానికి కారణం కూడా ఇదే.

ప్రపంచమంతా ఈ దారినే నడిచింది. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపుది 6 వోల్టుల వైరింగు. అమెరికా కార్లు 1950లలో, ఇంజన్లు పెద్దవై స్టార్టరుకు ఎక్కువ బలం కావలసివచ్చాక, 12కి మారాయి. మన మోటారుసైకిళ్లకు కిక్కు ఉంది కాబట్టి ఆ తొందర లేకపోయింది.

డబ్బు ఖర్చు పెట్టకముందు చెయ్యవలసిన పరీక్ష ఒకటి ఉంది. లైటు వేసి ఉంచి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డరు దగ్గర ఒకసారి వోల్టేజి కొలవండి. రెంటికీ మధ్య అర వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉంటే దొంగ దారిలోనే ఉన్నాడన్నమాట. మన నల్లరేగడి బురద ఎండిపోయి ఫ్రేముకీ ఎర్తు తీగకీ మధ్య చేరుతుంది, దాని కింద తుప్పు పడుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది, హెడ్‌లైటు నుండి బ్యాటరీ ఎర్తుకు నేరుగా ఒక లావుపాటి తీగ వేస్తే చాలు, సగం బండ్లకు జబ్బు కుదురుతుంది. ఆటోనగరు దాకా వెళ్లే పనే ఉండదు.

అయినా మార్చాలనుకుంటే అసలు కథ డైనమో దగ్గర మొదలవుతుంది. పాత జావా 250లో డైనమో ఆర్మేచరు క్రాంక్‌షాఫ్టు కొనకే బిగించి ఉంటుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే అదీ అంతే. డైనమోలో పుట్టే వోల్టేజి అయస్కాంత క్షేత్రం మీదా, తిరిగే వేగం మీదా ఆధారపడుతుంది. కాబట్టి అదే డైనమోకు 12 వోల్టుల రెగ్యులేటరు పెడితే అది 12 వోల్టులూ ఇవ్వగలదు, విదేశాల్లో పాత బండ్ల మీద మోజున్నవాళ్లు చాలాకాలంగా చేస్తున్నదిదే. కాకపోతే ఛార్జింగు మొదలయ్యే వేగం బాగా పెరుగుతుంది. హైవే మీద పోయేవాడికి ఇది తెలియను కూడా తెలియదు. కానీ పత్తి బోరాల బండి వెనక నింపాదిగా పోయేవాడికి, రైల్వే గేటు దగ్గర లైటు వేసుకుని నిలబడేవాడికి బ్యాటరీ ఖర్చవటమే గాని జమ ఉండదు. పైగా ఫీల్డు చుట్టకు రెట్టింపు వోల్టేజి తగిలితే వేడి నాలుగు రెట్లవుతుంది. రెగ్యులేటరు తెంచి తెంచి ఇస్తుంది గనుక వేగంలో ఫరవాలేదు; తక్కువ వేగంలో ఎక్కువసేపు నడిస్తే చుట్ట కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే కొందరు ఫీల్డుకు వరసలో ఒక నిరోధం కలుపుతారు. నా అభిప్రాయంలో పల్లె తిరుగుడుకు డైనమో తీసేసి 12 వోల్టుల ఆల్టర్నేటరు కిట్టు పెట్టటమే సరైన పని. ఖరీదెక్కువ, నిజమే.

ఆల్టర్నేటరు ఉన్న పాత బండ్ల సంగతి వేరు. అందులో అయస్కాంతం శాశ్వతమైనది, దాని బలం తగ్గించటం మన చేతిలో లేదు. కాబట్టి మిగులు కరెంటును ఎక్కడో ఖర్చు పెట్టాలి. 1960లలో బ్రిటిష్ మోటారుసైకిళ్లు 12 వోల్టులకు మారినప్పుడు జెనర్ డయోడును అందుకే వాడారు: వోల్టేజి హద్దు దాటగానే అది మిగులును వేడిగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. నేడు రెక్టిఫయరూ రెగ్యులేటరూ ఒకే డబ్బాలో దొరుకుతున్నాయి.

ఇక మిగతా సామాను. బల్బులన్నీ, ఫ్లాషరుతో సహా మార్చాలి. 6 వోల్టుల ఇగ్నిషన్ కాయిలుకు 12 ఇస్తే కరెంటు రెట్టింపై కాయిలు, పాయింట్లు రెండూ పాడవుతాయి, అదీ మార్చవలసిందే. హారను కొద్దిసేపు తట్టుకుంటుంది, గట్టిగా అరుస్తుంది కూడా, కాని ఎక్కువకాలం నమ్మలేం. ఆమ్మీటరు కొలిచేది ఆంపియర్లే కాబట్టి ఉండనివ్వొచ్చు. తీగలు మార్చక్కరలేదు, పైన తొడుగు పగలకుండా ఉంటే చాలు. 6 వోల్టుల కోసం వేసిన తీగ 12కి కావలసినదానికన్నా లావే. ఫ్యూజు మాత్రం చిన్నది వెయ్యాలి. బ్యాటరీ లెక్క చాలామందిని తికమక పెడుతుంది: 6 వోల్టుల 14 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉన్న శక్తీ, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ దాంట్లో ఉన్న శక్తీ ఒకటే, 84 వాట్ అవర్లు. కాబట్టి అంకె సగమైందని కంగారు పడనక్కరలేదు. బ్యాటరీ బిగించేముందు బండికి ప్లస్సు ఎర్తా, మైనస్సు ఎర్తా చూసుకోవాలి. పాత బ్రిటిష్ బండ్లలో ప్లస్సు ఎర్తు మామూలే, డయోడ్లున్న కొత్త సామానేమో తిరగేస్తే క్షణంలో పోతుంది.

అన్నిటికన్నా చెడ్డది సగం పని. బ్యాటరీ, బల్బులు మాత్రం 12వి పెట్టి, "రెగ్యులేటరు తర్వాత చూద్దాం లెండి" అని బండి అప్పగించటం నేను చూశాను. 6 వోల్టుల రెగ్యులేటరు డైనమోను 7 వోల్టుల దగ్గరే ఆపేస్తుంది, దానితో 12 వోల్టుల బ్యాటరీకి చుక్క ఛార్జింగు ఎక్కదు. ఇంటి దగ్గర లైటు ధగధగలాడుతుంది, యజమాని సంతోషించి సంచీ తగిలించుకుని బయలుదేరతాడు. బ్యాటరీలో ఉన్నంతసేపే ఆ సంతోషం. ఆ తర్వాత లైటే కాదు, కాయిలుకు కరెంటు చాలక ఇంజనూ ఆగిపోతుంది, అదీ చీకట్లో, నడిరోడ్డు మీద.

ఈ రోజుల్లో ఎల్‌ఈడీ బల్బులు వచ్చి లెక్క కొంత మారింది. తక్కువ వాట్లు లాగుతాయి కాబట్టి 6 వోల్టులవి దొరికితే వైరింగు జోలికి పోకుండానే గడిచిపోవచ్చు. అయితే పాత అద్దానికీ కొత్త బల్బుకూ కుదరక వెలుతురు చెట్ల కొమ్మల మీద పడుతుంటే ఎదుటివాడి కళ్లు చెదరటమే గాని మనకు రోడ్డు కనపడదు; గోడ ముందు నిలబెట్టి చూసుకుని కొనాలి.

పని పూర్తయ్యాక బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి ఇంజనును రేజు చేసి చూడండి. 14కీ 14.5కీ మధ్య నిలబడితే సరే. 13 దాటకపోతే ఛార్జింగు చాలటం లేదు. 15 దాటి పైకి పోతుంటే రెగ్యులేటరు బాగయ్యేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు. ఊడదీసిన 6 వోల్టుల డైనమో, కాయిలు, రెగ్యులేటరు పాత ఇనుము వాడికి వెయ్యకుండా గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టండి.