ఐఎల్టీఎస్ రీడింగ్: ఖాళీలు, కాంప్రహెన్షన్

ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష ఐఎల్టీఎస్ మొదలైంది 1989లో. నిర్వహణ: బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జ్. స్కోరు: 0–9 బ్యాండ్లు.

రీడింగ్: 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. అకడమిక్ రకం పరీక్షలో 3 పాసేజీలు. నెగెటివ్ మార్కులు లేవు, ఏ ఖాళీనీ వదలొద్దు. పేపర్ పరీక్షలో జవాబులు ఎక్కించడానికి లిజనింగ్‌కు 10 నిమిషాలు అదనంగా ఇస్తారు, రీడింగ్‌కు ఇవ్వరు.

క్లోజ్ టెస్ట్: పాసేజీలో కొన్ని పదాలు తీసేసి పూరించమనే పద్ధతి. రూపకర్త విల్సన్ టేలర్, 1953. రీడింగ్‌లో ఖాళీల ప్రశ్నలు ఈ తరహావే.

ఖాళీలు: ముందు పదాల పరిమితి చూడాలి. 'రెండు పదాలకు మించొద్దు' అన్నచోట మూడు రాస్తే మార్కు పోయినట్టే. హైఫన్‌తో కలిసిన పదం ఒక్కటిగానే లెక్క. స్పెల్లింగ్ తప్పితే సున్నా. ఖాళీకి ముందు 'యాన్' ఉంటే అచ్చు ధ్వనితో మొదలయ్యే పదం, 'మెనీ' ఉంటే బహువచనం. పాసేజీలోకి వెళ్లకముందే ఖాళీలో ఏ రకం పదం రావాలో తేల్చుకోండి, సగం పని అయిపోతుంది.

ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్: ఇచ్చిన వాక్యం పాసేజీ ప్రకారం వీటిలో ఏదో చెప్పాలి. బాగా చదివినవాళ్లూ తడబడేది ఇక్కడే. పాసేజీలో 'సిడ్నీ హార్బర్ వంతెనను 1932లో ప్రారంభించారు' అని మాత్రమే ఉందనుకుందాం.
'1942లో ప్రారంభించారు': ఫాల్స్.
'ఖర్చు అంచనాను మించింది': నాట్ గివెన్. మీకు బయట తెలిసిన సంగతి ఇక్కడ పనికిరాదు.

సాధన: పాసేజీకి 20 నిమిషాలు, గడియారం ఎదురుగా పెట్టుకుని. తప్పిన ప్రతి ప్రశ్నకూ జవాబున్న వాక్యం కింద గీత గీయండి. ప్రశ్నలో దాన్ని ఏ మాటలతో తిప్పి అడిగారో పక్కనే రాసుకోండి.