సెలవుల్లో సముద్రం: ప్లాన్ పిల్లల చేతికి, కాపలా మన చేతికి



సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. "జనం రద్దీ లేని బీచ్ ఏదైనా ఉందా మేడం?" అని కొందరు పేరెంట్స్ అడుగుతున్నారు. మన ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు, రామాపురం చాలామందికి తెలిసినవే. సెలవు రోజుల్లో అక్కడా జనమే. కానీ ఒడ్డు వెంట కొంచెం దూరం నడిస్తే ఇసుక, సరుగుడు తోటలు, మనం తప్ప ఎవరూ ఉండరు.

అయితే ఒక్క మాట. జనం లేని చోట లైఫ్‌గార్డ్ కూడా ఉండరు. హెచ్చరిక జెండా, మైకు, ఫస్ట్ ఎయిడ్ ఏవీ ఉండవు. ఆ పనులన్నీ మన కుటుంబమే చేసుకోవాలి. అందుకే ఈ ప్రయాణాన్ని ఇంటి దగ్గరే ఒక పాఠంలా మొదలుపెడదాం.

3, 4, 5 తరగతులు: లిస్ట్ రాయడం
సామాన్ల లిస్ట్ పిల్లలతోనే ఇంగ్లిష్‌లో రాయించండి. మంచినీళ్లు, టోపీలు, చెప్పులు, మార్చుకునే బట్టలు, బ్యాండేజీ, చెత్త వేయడానికి ఒక సంచి, పొడవాటి తాడు, మూత గట్టిగా ఉన్న 5 లీటర్ల ఖాళీ క్యాన్ ఉండాలి. క్యాన్ ఎందుకో కింద చెబుతాను. లిస్ట్ చివర 112, 108 నంబర్లు రాయించి, నోటికి చెప్పించండి.

6, 7 తరగతులు: ఆటుపోట్ల లెక్క
ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఉదయం 6 గంటలకు పోటు వస్తే, మళ్లీ ఎప్పుడు? సాయంత్రం 6:25కి. మర్నాడు ఉదయం? 6:50కి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది. మీరు వెళ్లే తేదీ వాటికి ఎంత దగ్గరో పిల్లలనే క్యాలెండర్‌లో చూడమనండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు అవి చూడండి. హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, ఖర్చు పోయినా సరే.

8, 9, 10 తరగతులు: రిప్ కరెంట్
అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు మళ్లీ లోపలికి పోవాలి. ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ అది సన్నటి ప్రవాహంలా వేగంగా వెనక్కి పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతుంటే, మధ్యలో ఆ పట్టీ మాత్రం నిదానంగా కనిపిస్తుంది. "ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాం" అని పిల్లలు అనేది సరిగ్గా అక్కడే! ఈ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, దూరానికి లాగుతుంది. ఎదురీదితే అలసిపోతాం. కంగారుపడకుండా తేలుతూ, చెయ్యెత్తి సాయం అడగాలి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక అలలతో పాటు ఒడ్డుకు రావాలి.

ఈ విషయం తెలిసింది కదా అని లోతుకు పోనివ్వవద్దు. చిన్నపిల్లలకు మోకాలి లోతే హద్దు. దిగే ముందు దగ్గర్లో ఉన్న మత్స్యకారులను "అన్నా, ఇక్కడ గుంటలు ఎక్కడున్నాయి? దిగొచ్చా?" అని అడగండి. వాళ్లు వద్దంటే వద్దు. ఆ మాట పిల్లల చేతే అడిగిస్తే ఇంకా మంచిది.

పెద్దల డ్యూటీ
మునిగిపోతున్న పిల్లలు సినిమాల్లోలాగా కేకలు వేయరు, చాలాసార్లు చప్పుడే ఉండదు. కాబట్టి "అందరం చూస్తున్నాం" అనుకుంటే ఎవరూ చూడనట్టే. 20 నిమిషాలకు ఒకరు చొప్పున డ్యూటీ వేసుకోండి. డ్యూటీలో ఉన్నవారి చేతిలో ఫోన్ ఉండకూడదు. చిన్నపిల్లలు మన చేతికి అందేంత దగ్గరలోనే ఉండాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే నీళ్లలోకి దూకకండి. తాడు కట్టిన ఆ ఖాళీ క్యాన్ విసరండి, 112కి ఫోన్ చేయండి, మత్స్యకారులను పిలవండి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉందో లేదో కారు దిగగానే చూసుకోండి.

తాబేళ్ల సీజన్
జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ ఇస్తోంది. గుడ్లు ముట్టుకోకూడదు, ఇసుక మీద బండి నడపకూడదు. చీకటి పడకముందే బయల్దేరితే వాటికీ మనకూ మంచిది.

సెలవుల తర్వాత పిల్లలు ఈ ప్రయాణం గురించి ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసి తేవాలి. డ్యూటీ చార్ట్ కూడా జతచేయమనండి. అందులో అమ్మ, నాన్న సంతకాలు తప్పనిసరి!