డాక్టర్ ప్యాట్రీషియా బాత్ - సామాజిక నేత్రవైద్యం

ఇంద్రియాలన్నింటిలోనూ కన్నే ప్రధానమని పెద్దలు సెలవిచ్చారు. అయితే ఆ కన్ను చెడినప్పుడు వైద్యుని గుమ్మం ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అనే ప్రశ్నకు వైద్యశాస్త్రంలో చాలకాలం తగిన స్థానం లభించలేదు. ఆ ప్రశ్నను లెక్కలతో సహా శాస్త్రజ్ఞుల ముందుంచిన వారిలో అమెరికాకు చెందిన నల్లజాతి వైద్యురాలు డాక్టర్ ప్యాట్రీషియా బాత్ ముఖ్యురాలు. లేజరు యంత్రాన్ని కనిపెట్టిన స్త్రీ అని మాత్రమే ఆమెను గురించి చెప్పి ఊరుకోవడం పరిపాటి. నా దృష్టిలో యంత్రం రెండవది, లెక్క మొదటిది.

ఆమె 1942 నవంబరు 4న న్యూయార్కు నగరంలోని హార్లెమ్‌లో జన్మించింది. తండ్రి ట్రినిడాడ్ ద్వీపం నుండి వచ్చి నగరపు భూగర్భ రైళ్లను నడిపినవాడు. తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసి కూతురి చదువుకై పైకం కూడబెట్టింది. ఆ తల్లి కొనిచ్చిన రసాయనశాస్త్ర పరికరాల పెట్టె బాలికకు విజ్ఞానశాస్త్రంపై మక్కువ కలిగించింది. 1964లో హంటర్ కళాశాల పట్టభద్రురాలై, 1968లో హోవర్డ్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం పొందింది.

తరువాత ఆమె రెండుచోట్ల పనిచేసింది. ఒకటి పేదల పేటలోని హార్లెమ్ ఆసుపత్రి, రెండవది కొలంబియా విశ్వవిద్యాలయపు నేత్రవైద్యశాల. రెండూ ఒకే నగరంలోనివే. హార్లెమ్ కంటి విభాగానికి వచ్చే రోగులలో సగంమంది అంధులో, చూపు మందగించినవారో. కొలంబియాలోనో, అంధులు బహు అరుదు. ఈ తేడాను రోజూ చూసినవారు ఎందరో ఉండివుంటారు. చూసి ఊరుకోక, పాత రికార్డులను తిరగవేసి లెక్కకట్టినది ఈ యువవైద్యురాలు. శ్వేతజాతీయులలో కంటె నల్లజాతివారిలో అంధత్వం రెండింతలని తేలింది. కారణమేమి? సకాలంలో నేత్రచికిత్స అందకపోవడమేనని ఆమె నిర్ధారించింది. అంటే ఆ చీకటిలో పెద్దభాగం విధిలిఖితం కాదు, నివారింపదగినదే!

1968లో హార్లెమ్ ఆసుపత్రిలో కంటి శస్త్రచికిత్సలే జరిగేవి కావు. ఆమె కొలంబియాలోని తన ఆచార్యులను ఒప్పించి, అంధరోగులకు ఉచితంగా శస్త్రచికిత్స చేయించడానికి పూనుకొన్నది. తాను స్వచ్ఛందంగా సహాయకురాలిగా నిలిచింది. అక్కడ మొదటి పెద్ద కంటి శస్త్రచికిత్స 1970లో జరిగింది. ఈ అనుభవం నుండి పుట్టినదే సామాజిక నేత్రవైద్యం. రోగి వైద్యుని వెదకుకొంటూ వచ్చేదాకా వేచియుండక, శిక్షణ పొందిన కార్యకర్తలు వృద్ధుల కేంద్రాలకు, శిశుసంరక్షణ కేంద్రాలకు వెళ్లి చూపు పరీక్షిస్తారు. శుక్లం, నీటికాసులు వంటివి ముదరకముందే బయటపడతాయి. తరగతిలో నల్లబల్ల కనబడక మందబుద్ధి అనిపించుకొన్న పిల్లవానికి కావలసినది ఒక్కొక్కప్పుడు కళ్లజోడు మాత్రమే. (ఉపాధ్యాయులమైన మేము గుర్తుంచుకోదగిన మాట ఇది.)

1974లో ఆమె కాలిఫోర్నియా చేరింది. లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ నేత్రవైద్య విభాగంలో తొలి మహిళా అధ్యాపకురాలుగా నియమితురాలైనప్పుడు ఆమెకు చూపిన గది నేలమాళిగలో, ప్రయోగశాల జంతువుల పక్కన ఉన్నది! ఆమె జాతివివక్ష అనలేదు, స్త్రీవివక్ష అనలేదు. ఇది తగినది కాదని మాత్రం చెప్పి, తగిన గది సాధించుకొన్నది. ఆ నిగ్రహం అందరికీ సాధ్యమా అని నాకు సందేహమే. 1983లో నేత్రవైద్య శిక్షణ కార్యక్రమానికి ఆమె అధ్యక్షురాలయింది. అమెరికాలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమెయే.

ఇక యంత్రం. కంటిలోని సహజకటకం మసకబారడమే శుక్లం. ఉర్దూలో దీనిని మోతియాబింద్ అంటారు. ముత్యపు బిందువు అన్నమాట. చూసేవారికి ముత్యం, అనుభవించేవారికి చీకటి. ఈ కటకాన్ని శబ్దతరంగాలతో పొడిచేసి పీల్చివేసే పద్ధతిని చార్లెస్ కెల్మన్ 1967లోనే ప్రవేశపెట్టాడు. శబ్దానికి బదులు లేజరు కాంతిని వాడవచ్చునన్న ఊహ డాక్టర్ బాత్‌కు 1981లో కలిగింది. సుమారు ఒక మిల్లీమీటరు గాటు గుండా సన్నని తంతువు లోనికి పోతుంది. దాని కొసనుండి వెలువడే కాంతి కటకాన్ని ఛేదిస్తుంది. అదే పరికరం నీటిని చిమ్మి, ముక్కలను పీల్చివేస్తుంది. ఖాళీ అయిన చోట కృత్రిమకటకం అమర్చుతారు. ఊహ ముందు పుట్టింది గాని, దానికి తగిన లేజర్లు అప్పట్లో సులభంగా లభించలేదు. 1986లో ఆమె బెర్లిన్ వెళ్లి పరిశోధన కొనసాగించింది. 1988 మే 17న పేటెంటు లభించింది. వైద్యసంబంధమైన పేటెంటు పొందిన తొలి నల్లజాతి వైద్యురాలు ఆమె.

నిజం చెప్పాలంటే, శబ్దతరంగాల పద్ధతిని ఆ యంత్రం తొలగించలేదు. నేటికీ శుక్లాల శస్త్రచికిత్సలో లేజరు కంటె శబ్దతరంగాల వాడుకే ఎక్కువ. దీనివల్ల ఆమె గౌరవానికి లోటు లేదు. ఉత్తర ఆఫ్రికాలో, ముప్పది సంవత్సరాలుగా చూపులేని ఒక స్త్రీకి ఆమె చూపు తెప్పించింది. అందుకు ఉపకరించినది లేజరు కాదు, కృత్రిమ కార్నియా. తన జీవితంలో అత్యుత్తమమైన ఘట్టమేదని అడిగినవారికి ఆమె చెప్పినది పేటెంటును గురించి కాదు, ఆ స్త్రీని గురించే. డాక్టర్ బాత్ 2019 మే 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించింది. అమెరికా జాతీయ ఆవిష్కర్తల ప్రముఖుల జాబితాలో ఆమె పేరు 2022లో చేరింది.