రసంతో పాటు కండ కూడా పెట్టండి

జ్వరం తగ్గి లేచినవారికి, బాలింతలకు కోడి రసం కాచి ఇవ్వడం మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో అలవాటే. ఇటలీలో ఆ రసంలోనే 'పాస్తీనా' అనే సన్నని గోధుమ పలుకులు ఉడికించి పెడతారు. మనకు వాటి బదులు కొర్రబియ్యం ఉంది.

చేసే విధానం: అరకిలో ఎముకల కోడిమాంసం, ఒక ఎర్రగడ్డ, నాలుగు తెల్లగడ్డ పాయలు, ఒక క్యారెట్, కొన్ని మిరియాలు ఒకటిన్నర లీటరు చల్లని నీటిలో వేయండి. పొంగు రాగానే నురగ తీసి, సన్నమంట మీద గంటసేపు ఉడికించండి. నాటుకోడికి ఇంకొంత సమయం పడుతుంది. రసం వడగట్టి, నానబెట్టిన కొర్రబియ్యం పిడికెడు అందులో మెత్తగా ఉడికించండి. ఎముకల నుండి కండ తీసి, చీల్చి కలపండి.

బలమంతా రసంలోకి దిగిందని కొందరు రోగికి రసం మాత్రమే ఇచ్చి, ముక్కలు మిగతావారు తింటారు. ఇది సరికాదు. ఉడికిన 100 గ్రాముల కండలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గిన్నెడు రసంలో ఉండేవి బహు కొద్ది. ఆపరేషన్ గాయం మానడానికి, క్షయ రోగి తిరిగి కండ పట్టడానికి ఇవి ఎంతో అవసరం.

రక్తపోటు ఉన్నవారికి ఉప్పు తగ్గించండి. మూత్రపిండాల జబ్బు ఉంటే ముందుగా డాక్టరును అడగండి. రసం ఆహారమే గాని మందు కాదు; మాత్రలు మానవద్దని మనవి చేస్తున్నాము.