కత్తెరలు తక్కువ పెట్టండి

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఇంగ్లీషు చెవిన పడని పిల్లలు కొత్తగా చేరితే నా బల్ల దగ్గరికి పంపేవారు. మొదట్లో గుజరాతీలు, తర్వాత సోమాలీలు, పోలిష్ పిల్లలు, ఈమధ్య మనవాళ్లు. ఇప్పుడు శనివారాల్లో చుట్టుపక్కల తెలుగు పిల్లలు మా ఇంటికే వస్తున్నారు. వాళ్ల అమ్మలు నన్ను అడిగేది ఒకటే: "ఆంటీ, ఎప్పుడు చూసినా కాగితాలు కత్తిరిస్తూ ఉంటారు, గ్రామర్ ఎప్పుడు మొదలుపెడతారు?" వాళ్లకు జవాబుగా ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకూ పనికొస్తుంది.

1. ఆరుగురు పిల్లలుంటే రెండు కత్తెరలు చాలు. గ్లూ స్టిక్ ఒక్కటే పెట్టండి. అందరి ముందూ అన్నీ ఉంటే ఎవరి పని వాళ్లు గప్‌చుప్‌గా ముగించుకుని లేచిపోతారు. లేనప్పుడే నోరు తెరుస్తారు. "కెన్ ఐ హావ్ ద సిజర్స్, ప్లీజ్?" అని ఒకడు అడగాలి. "హాంగ్ ఆన్, ఐ హావెంట్ ఫినిష్డ్" అని రెండోవాడు అనాలి. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే పేరు వాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అవసరం పడింది, మాట వచ్చింది. మరో సంగతి, చేసి చూపించకండి. చూపిస్తే కళ్లతో నేర్చుకుంటారు, చెవులు పనిచేయవు. చేతులు వెనక్కి పెట్టుకుని చెప్పండి: సగానికి మడవండి, తిప్పండి, మూల కత్తిరించండి. "ఫోల్డ్ ఇట్ ఇన్ హాఫ్" అన్నది సరిగా వినని పిల్లకి తన కార్డే ఆ సంగతి చెబుతుంది. మీరు దిద్దక్కర్లేదు.

2. తయారైన వస్తువు మీద మోజు వద్దు. ముప్ఫై మంది పిల్లలు ముప్ఫై ఒకేరకం కార్డులు ఇంటికి తెచ్చారంటే అవి టీచరు చేసినవే. మాకు కావలసింది చేస్తున్నంతసేపూ నడిచే కబుర్లు. వాట్సాప్‌లో పెట్టడానికి ఫొటో బాగా రాలేదని బాధపడే అమ్మలకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

3. చేతులు పనిలో ఉన్నప్పుడు కథ చెప్పండి. అప్పుడు చెవులు ఖాళీగా ఉంటాయి. క్రిస్మస్ కార్డు చేయించేటప్పుడు నేను హెన్రీ కోల్ కథ చెబుతాను. 1843లో ఆయన దగ్గర జవాబు రాయాల్సిన ఉత్తరాలు గుట్టలు పడ్డాయి. ఒక్కొక్కటీ కూర్చుని రాసే ఓపిక లేక, జాన్ హోర్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి, శుభాకాంక్షలు అచ్చు వేయించి పంపేశాడు. మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగుకి అమ్మకానికి పెట్టారు. అంతకు మూడేళ్ల ముందే, 1840లో, పెన్నీకే ఉత్తరం పోయే పద్ధతి వచ్చింది కాబట్టి కార్డులు పంపే అలవాటు తర్వాత దేశమంతా పాకింది. బద్ధకం నుంచి పండుగ ఆచారం పుట్టిందంటే పిల్లలకు భలే సరదా. కార్డు మీద రాబిన్ పిట్ట ఎందుకుంటుందో అప్పుడే చెప్పేయొచ్చు. విక్టోరియా కాలంలో పోస్ట్‌మెన్ ఎర్రకోటు వేసుకునేవారు, జనం వాళ్లని రాబిన్లు అనేవారు. ఇదంతా చిన్న చిన్న పాస్ట్ టెన్స్ వాక్యాల్లోనే నడుస్తుంది. వారం తర్వాత "హెన్రీ కోల్ ఏం చేశాడు?" అని అడిగితే వాళ్లే చెబుతారు.

4. మౌనాన్ని కదపకండి. కొత్తగా వచ్చిన పిల్ల నెలల తరబడి బడిలో నోరు విప్పకపోవచ్చు. టీచర్లు దీన్ని సైలెంట్ పీరియడ్ అంటారు. పిల్లకి ఏమీ కాలేదు, వింటోంది. ఈ దశలో ఉన్న పిల్లకి డిసెంబరులో జరిగే నేటివిటీ నాటకాన్ని మించిన పాఠం లేదు. ఏసు పుట్టుక కథ, చిన్న తరగతుల పిల్లలు వేస్తారు, గొర్రెల కాపరుల తలమీద వంటింటి తువ్వాళ్లు ఉంటాయి. మన పిల్లకి గొర్రె వేషం ఇస్తే అమ్మానాన్నలు చిన్నబుచ్చుకుంటారు. "డైలాగ్ లేదా ఆంటీ?" అంటారు. అయ్యో, గొర్రె ప్రతి రిహార్సల్‌కీ వెళ్లాలి కదా! నవంబరు నుంచి అందరి మాటలూ వింటూ కూర్చుంటుంది. నాటకం నాటికి మేరీ మాటలూ, దేవదూత మాటలూ కూడా దానికి కంఠతా వచ్చేస్తాయి. మరుసటేడు సత్రం యజమాని వేషం అడగండి. "నో రూమ్!" అని గట్టిగా అంటే చాలు. స్టేజీ మీద తొలి ఇంగ్లీషు మాటగా దానికి సాటి లేదు.

మతం సంగతి అడుగుతారని తెలుసు. స్కూలు ప్రార్థనల నుంచి పిల్లల్ని తప్పించే హక్కు ఇక్కడి చట్టం తల్లిదండ్రులకు ఇచ్చింది, కావాలంటే వాడుకోండి. కానీ 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో తాము క్రైస్తవులమని చెప్పినవాళ్లు 46.2 శాతమే. నాటకం చూస్తూ హాల్లో ఫోన్లు పట్టుకుని కూర్చున్న తెల్లవాళ్లలో చాలామందికి కూడా అది స్కూలు పండుగే.

5. గుంపులో అరిపించండి. క్రిస్మస్ రోజుల్లో ఊరూరా పాంటోమైమ్ వేస్తారు. సిండ్రెల్లానో అల్లావుద్దీనో కథ పేరుకి మాత్రమే, అసలు వినోదం ప్రేక్షకులది. దుర్మార్గుడు వెనక నక్కితే హాలంతా "హీజ్ బిహైండ్ యూ!" అని కేకలు వేయాలి. స్టేజీ మీద వాడు "ఓ నో ఇట్ ఈజంట్" అంటే "ఓ యెస్ ఇట్ ఈజ్" అనాలి. వందమంది గొంతుల్లో తన గొంతు ఎవరికీ వినబడదని తెలిశాక పిల్ల అరుస్తుంది. తరగతిలో నెలలు పట్టేది అక్కడ గంటలో వస్తుంది. అందులో డేమ్ అని ఒక ఆడపాత్ర ఉంటుంది, మగవాడే వేస్తాడు. మనకి ఆడవేషం అనగానే స్థానం నరసింహారావు గారు గుర్తొస్తారు. సత్యభామగా ఆయన్ని చూసినవాళ్లు మగవాడంటే నమ్మేవారు కాదట. డేమ్ తద్విరుద్ధం. మగవాడని ప్రతి క్షణం తెలుస్తూ ఉండాలి, నవ్వంతా అందులోనే ఉంది. మొదటిసారి వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే ముఖాలు చిట్లిస్తారు.

6. చెడ్డ జోకులే మంచివి. క్రిస్మస్ క్రాకర్‌ని 1840ల్లో టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి కనిపెట్టాడు. ఇద్దరు చెరో కొసా పట్టి లాగితే టప్‌మని తెగి, లోపలినుంచి కాగితం కిరీటం, చిన్న బొమ్మ, ఒక జోకు చీటీ రాలతాయి. జోకు ఎంత నీరసంగా ఉంటే అంత గొప్ప. చదవగానే బల్ల చుట్టూ అందరూ "అబ్బా!" అని మూలుగుతారు. ఆ మూలుగులో ఎవరి యాస ఎలా ఉందో ఎవరూ పట్టించుకోరు. అందుకే గట్టిగా చదవడానికి భయపడే పిల్లలకు నేను పాఠ్యపుస్తకం ముట్టనివ్వను, జోకు చీటీ ఇస్తాను. టాయిలెట్ రోల్ గొట్టం, రంగు కాగితం, రెండు చివర్లా రిబ్బన్ ఉంటే క్రాకర్ సిద్ధం. టప్‌మనే పట్టీ మాత్రం వద్దు, అందరూ కలిసి నోటితో "బ్యాంగ్" అంటే సరిపోతుంది.

7. కష్టమైన కథని తీపి చేయకండి. నవంబరు 5న ఊరంతా మంటలు వేసి, బాణసంచా కాలుస్తారు. మన పిల్లలు దీపావళి అనుకుంటారు, కొందరు భోగి అంటారు. అనుకోనివ్వండి, ఇంటి దగ్గర భోగి మంటలో ఏం వేసేవారో ఇంగ్లీషులో చెప్పించండి. ఆ తర్వాత అసలు కథ. 1605లో ఇంగ్లండ్‌లో కాథలిక్కుల మీద ఆంక్షలుండేవి. వాళ్లలో కొందరు రాజు మొదటి జేమ్స్‌నీ పార్లమెంటునీ కలిపి పేల్చేయాలని పథకం వేశారు. సభ కింద 36 పీపాల తుపాకిమందుతో గై ఫాక్స్ దొరికిపోయాడు. ఇప్పటికీ పార్లమెంటు ప్రారంభానికి రాజు వచ్చే ముందు యీమన్ ఆఫ్ ద గార్డ్ భటులు లాంతర్లు పట్టుకుని నేలమాళిగలు గాలిస్తారు. పాత చొక్కాలో న్యూస్ పేపర్లు కుక్కి గై బొమ్మ చేస్తుంటే పిల్లలు ఊరుకోరు. ఎందుకు చేశాడు? రాజు ఆంక్షలు ఎందుకు పెట్టాడు? గై చెడ్డవాడా? ప్రతి ప్రశ్నకీ జవాబు "బికాజ్"తో మొదలవుతుంది. ఆ ఒక్క మాట వాళ్ల నోట్లో ఇన్నిసార్లు తిరిగే రోజు ఏడాదిలో ఇంకోటి లేదు. రాక్షసుణ్ణి చంపిన కథలా తేల్చేస్తే ఈ ప్రశ్నలేవీ రావు.

8. బ్రిటిష్ అంటే ఇంగ్లిష్ అని చెప్పకండి. స్కాట్లండ్‌లో క్రిస్మస్‌కి ప్రభుత్వ సెలవు ఇచ్చిందే 1958లో. వాళ్ల పెద్దపండుగ డిసెంబరు 31 రాత్రి, హాగ్‌మనే. జనవరి 25న రాబర్ట్ బర్న్స్ అనే కవి పుట్టినరోజుకి విందు చేసుకుంటారు. కవి పేరున ఇంటింటా విందు! మార్చి 1న వేల్స్ పిల్లలు డాఫొడిల్ పువ్వో లీక్ కాడో చొక్కాకి గుచ్చుకుంటారు. ఎడిన్‌బరాకో కార్డిఫ్‌కో బదిలీ అయ్యే సాఫ్ట్‌వేర్ కుటుంబాల పిల్లలు ఇవి తెలిసి వెళ్తే మొదటి వారంలోనే స్నేహితులు దొరుకుతారు.

9. తినేవాటి విషయంలో ముందే అడగండి. మిన్స్ పై అనగానే మాంసమని బెదిరిపోతారు, ఇప్పుడు లోపల ఉండేది ఎండుద్రాక్షల ముద్దే. కానీ పాతపద్ధతిలో చేస్తే అందులోనూ, క్రిస్మస్ పుడ్డింగ్‌లోనూ గొడ్డు కొవ్వు ఉంటుంది, వెజిటబుల్ సూయెట్ అని రాసి ఉన్నది చూసి కొనండి. చాలా జెల్లీ మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. మనవైపు నుంచి పల్లీ ఉండలు పంపకండి, అలర్జీల భయంతో చాలా స్కూళ్లు పల్లీలనీ జీడిపప్పునీ గేటు దాటనివ్వవు. డబ్బా మీది దినుసులు చదివించే పని పిల్లకే అప్పగించండి.

10. పిల్లకి మనకంటే ఎక్కువ తెలిసిన సంగతి ఎక్కడుందో వెతకండి. ఈస్టరుకి 47 రోజుల ముందు ష్రోవ్ ట్యూజ్‌డే వస్తుంది. ఉపవాస దినాలు మొదలయ్యే లోపల గుడ్లూ వెన్నా అవగొట్టాలని ప్యాన్‌కేకులు వేసుకునేవారు. బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీ ఊళ్లో ఆడవాళ్లు ఏప్రన్ కట్టుకుని, పెనం పట్టుకుని 415 గజాలు పరుగెడతారు. 1445 నుంచీ ఉందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఇది చెప్పగానే ఒక పిల్ల "మై అమ్మమ్మ మేక్స్ బెటర్" అంటుంది. అక్కడ మీరు ఆపేసి వినండి. పిండి ఎప్పుడు నానబెడతారు, ఎందుకు పులియాలి, చిల్లులు ఎందుకు పడతాయి, అట్లతద్దికి ఎన్ని వేస్తారు, అన్నీ అదే చెప్పాలి. తెలియనివి ఇంటికెళ్లి అమ్మమ్మని ఫోన్లో తెలుగులో అడిగి రావాలి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు మొదలుపెట్టిన కుటుంబాల పిల్లలు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే వాళ్ల దగ్గర చెప్పడానికి సరుకు ఉండదు. ఇంట్లో తెలుగే మాట్లాడండి. ఇంగ్లీషు సంగతి మేం చూసుకుంటాం.

11. క్రిస్మస్ బహుమతులకి థాంక్యూ ఉత్తరాలు రాయించండి. మనకి అయినవాళ్లకి థాంక్స్ చెప్పడం పరాయితనంలా ఉంటుంది. ఇక్కడ చెప్పకపోతే మర్యాద తెలియదంటారు.

12. వేసవిలో పెద్ద పండుగలు లేవని తరగతి మూసేయకండి. జూన్, జూలైలలో చాలా స్కూళ్లు ఫేట్ అనే చిన్న సంత పెడతాయి. అందులో టాంబోలా స్టాల్ అడిగి తీసుకోండి. చీటీ తీస్తారు, నంబరు చివర 0 గానీ 5 గానీ ఉంటే బహుమతి. స్టాల్ వెనక నిలబడ్డ పిల్ల సాయంత్రానికి ఊళ్లో సగం మందితో మాట్లాడుతుంది: ఎన్ని టికెట్లు కావాలి, చిల్లర ఇదిగో, అయ్యో ఈసారి రాలేదు, మళ్లీ తీయండి. అమ్మలు పక్కన నిలబడి పిల్లల బదులు జవాబులు చెప్పొద్దు. టీ స్టాల్ దగ్గర ఎప్పుడూ మనుషులు చాలరు, అక్కడికి వెళ్లండి. మీ ఇంగ్లీషుకీ మంచిది.