పెదనాన్న గుర్తుపట్టకపోతే

ప్రశ్న: లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మా పెదనాన్నకు డిమెన్షియా. వెళ్తే నన్ను పోల్చుకోవడం లేదు. ఏం మాట్లాడాలి? ఏం వండి తీసుకెళ్లాలి?

జవాబు: “నేనెవరో చెప్పు” అని మాత్రం అడగకండమ్మా. ఆ ప్రశ్న ఆయన్ని బెదరగొడుతుంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, పేరూ వరసా మీరే చెప్పండి. ఈ జబ్బులో సాధారణంగా నిన్నటి సంగతులు ముందు చెదిరిపోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే నిజాం రైల్వే కాలంనాటి ఆ వర్క్‌షాపు కబుర్లు కదపండి. సైరన్ మోత, బోగీలకు కొట్టే పెయింటు వాసన, డబ్బాలో తెచ్చుకున్న అన్నం. “డ్యూటీకి టైమైంది” అని లేస్తే, రిటైరయ్యారని దిద్దకండి. “ఇవాళ ఏం పని పెదనాన్నా?” అనండి చాలు. సాయంత్రమయ్యేసరికి చాలామందికి అలజడి పెరుగుతుంది, పొద్దున్నే వెళ్లండి.

తినడానికి మాకరోనీ మంచిది. ప్యాకెట్ మీద రాసినదానికంటే మూడు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. నేతిలో సన్నగా తరిగిన ఉల్లి, తొక్క తీసిన టమాటా గుజ్జయ్యేదాకా మగ్గించి, చిటికెడు మిరియాల పొడి వేసి కలపండి. తాలింపు గింజలు వద్దు, గొంతులో అడ్డుపడతాయి. గోరువెచ్చగా, ముదురు రంగు గిన్నెలో పెట్టి స్పూను ఆయన చేతికే ఇవ్వండి. తినేటప్పుడు దగ్గొస్తుంటే పెట్టడం ఆపి డాక్టరుకు చూపించండి.