కాల్ ఆఫ్: వాయిదా కాదు, రద్దు

ఇంగ్లిష్ పేపర్లో పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ పక్కపక్కనే ఆప్షన్లుగా కనిపిస్తే తొందరపడకండి. మొదటిది వాయిదా, రెండోది రద్దు. కొవిడ్ వల్ల 2020 టోక్యో ఒలింపిక్స్‌ను పుట్ ఆఫ్ చేశారు, 2021లో జరిగాయి. 2020 వింబుల్డన్‌ను మాత్రం కాల్ ఆఫ్ చేశారు, ఆ ఏటి టోర్నీ ఇక లేనట్టే. ప్రపంచ యుద్ధాల మూలంగా 1916, 1940, 1944 ఒలింపిక్స్‌దీ ఇదే గతి.

అసలు చిక్కు వేరే ఉంది. మొదలుకాని సభ రద్దయినా, నడుస్తున్న సమ్మె విరమించినా ఇంగ్లిష్‌లో కాల్ ఆఫే. చౌరీచౌరా ఘటన తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీజీ సహాయ నిరాకరణోద్యమాన్ని నిలిపివేసిన సంగతి చెప్పడానికీ ఇదే వాడతారు. ఒక్క బిట్‌తో రెండు సబ్జెక్టులు అన్నమాట!

ఎర్రర్ స్పాటింగ్‌లో జారిపోయేది సర్వనామం దగ్గర. ‘దే కాల్డ్ ఆఫ్ ద మ్యాచ్’, ‘దే కాల్డ్ ద మ్యాచ్ ఆఫ్’ రెండూ ఒప్పే. మ్యాచ్ బదులు ‘ఇట్’ వస్తే అది మధ్యలోనే ఉండాలి: ‘దే కాల్డ్ ఇట్ ఆఫ్’. ‘కాల్డ్ ఆఫ్ ఇట్’ తప్పు. ఇక పుట్ ఆఫ్ తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమే: ‘పుట్ ఆఫ్ గోయింగ్’. అక్కడ ‘టు గో’ పెడితే మార్కు పోయినట్టే.